రంగు పట్టిన కణం రెండైనట్టేనా?

దెబ్బ తిన్న మెదడులో కణాలు మళ్లీ పుడతాయని, మూలకణాల (వేరే రకం కణాలుగా మారగల కణాల) ఇంజెక్షన్‌తో వాటిని పెంచవచ్చని చెప్పే మెసేజ్‌లు కర్నూలులో మళ్లీ తిరుగుతున్నాయి. హైవే యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలి, స్పృహ లేకుండా న్యూరో వార్డులో పడుకున్న మనిషి ఇంటివాళ్లకు ఆ మాట చాలు, పొలం అమ్మడానికైనా సిద్ధపడతారు.

అందులో కొంత నిజం ఉంది. న్యూరాన్లను, అంటే నాడీ కణాలను, కాచుకునే ఆస్ట్రోసైట్లు అనే కణాలు దెబ్బ తర్వాత విభజన మొదలుపెడతాయి. అది పూర్తవుతుందా అన్నదే అసలు ప్రశ్న.

చాలా ఏళ్లు దీన్ని రంగుతోనే లెక్కపెట్టారు. జంతువుకు ఒక రసాయనం ఎక్కించి, తర్వాత మెదడును పలుచగా కోసి చూస్తే డీఎన్‌ఏ నకలు తీసుకున్న కణాలు బయటపడతాయి. వాటినే కొత్త కణాలుగా రాసుకున్నారు. కానీ పాసుపుస్తకాలు రెండు చేయించి పొలం మధ్య గట్టు వేయకుండా వదిలేసినట్టు, కణం నకలు తీసుకుని అక్కడే ఆగిపోవచ్చు. అప్పుడు ఒకే కణంలో రెండు కేంద్రకాలో, రెట్టింపు క్రోమోజోములున్న ఒక కేంద్రకమో మిగులుతుంది. రంగు మాత్రం పడుతుంది.

నా దృష్టిలో మలుపు 2013. జర్మనీలోని మ్యూనిక్‌లో శాస్త్రవేత్త మగ్డలేనా గోట్జ్ బృందం చిట్టెలుకల పుర్రెలో చిన్న కిటికీ అమర్చి, గాయం దగ్గరి అవే ఆస్ట్రోసైట్లను బతికుండగానే రోజుల తరబడి గమనించింది. అవి గాయం వైపు కదలలేదు. విభజించినవి కొన్నే, అవీ ఎక్కువగా రక్తనాళాలను ఆనుకుని ఉన్నవే. రంగు చూసి ఊహించుకున్న సందడి కళ్లారా చూస్తే అంత లేదు.

అలాగని విభజనను ఆపేస్తే మేలా అంటే అదీ కాదు. విభజించే ఆస్ట్రోసైట్లను చంపేస్తే చిట్టెలుకల మెదడు గాయం దగ్గర న్యూరాన్లు ఇంకా ఎక్కువ చచ్చిపోయాయని 1999లోనే తేలింది.

ఆస్ట్రోసైట్లనే న్యూరాన్లుగా మార్చామని 2020లో వచ్చిన ప్రకటన కూడా, ఏ కణం ఏదో తెలియడానికి వేసే గుర్తు దగ్గరే చిక్కుకుంది. కణాల పుట్టుక వెతికిన మరో బృందం 2021లో అవి ముందు నుంచీ ఉన్న న్యూరాన్లేనని, వైరస్ మోసుకెళ్లిన గుర్తు వాటికీ అంటిందని చూపించింది. మార్పు నిజమేననే బృందాలు ఇప్పటికీ ఉన్నాయి.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం మూలకణాల చికిత్సకు ఆమోదం ఉన్నది కొన్ని రక్త సంబంధ జబ్బులకే. తల దెబ్బకు ఇవ్వాలంటే రిజిస్టర్ చేసిన ట్రయల్‌లోనే (మనుషుల మీద చేసే పరీక్షలోనే) ఇవ్వాలి, అందులో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.