పెద్దపేగు క్యాన్సర్‌లో పోషణ, ఇన్‌ఫ్లమేషన్ స్కోర్లు: అపోహలు - వాస్తవాలు

పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవారిలో పోషణ, ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు ప్రక్రియ) ఎలా ఉన్నాయో అంచనా వేయడానికి పీఎన్ఐ (పోషణ స్కోరు), ఎంజీపీఎస్ (ఇన్‌ఫ్లమేషన్, ఆల్బుమిన్ కలిపిన స్కోరు), ఎన్ఎల్ఆర్ (న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు అనే తెల్లకణాల నిష్పత్తి) వాడతారు. ఈ స్కోర్లు కట్టడానికి సీబీపీ (రక్తకణాల లెక్క), ఆల్బుమిన్ (లివరు తయారుచేసే రక్తంలోని ప్రోటీన్), సీఆర్పీ (ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పెరిగే ప్రోటీన్) పరీక్షలు చాలు. అమలాపురంలోనో భీమవరంలోనో చేయించిన మామూలు రిపోర్టుతోనే కట్టెయ్యొచ్చు. అంత తేలిక కాబట్టే తప్పులూ తేలిగ్గా దొర్లుతాయి.

అపోహ: స్కోరు బాగోలేదంటే మనిషి ఇక దక్కడు.

స్కోరు బాగోలేకపోతే ముప్పు ఎక్కువ అన్నది అలాంటి స్కోరున్న చాలామందిని కలిపి చూస్తే తేలిన మాట. మీ ఎదురుగా కూర్చున్న ఒక్కరి ఆయుష్షు లెక్క కాదు. ముందు చూడాల్సినవి స్టేజీ, ఎంఎస్ఐ రిపోర్టు (క్యాన్సర్ కణాల్లో డీఎన్ఏ మరమ్మతు లోపం ఉందేమో చూసే పరీక్ష), కనీసం 12 లింఫ్ గ్రంథులు పరీక్షించారా లేదా అన్నది. స్కోరు వాటి తర్వాతే.

అపోహ: రిపోర్టులో అంకెలు ఫార్ములాలో వేస్తే సరి.

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. 1984లో జపాన్ సర్జన్ ఒనోడెరా ఇచ్చిన పీఎన్ఐలో ఆల్బుమిన్‌ని (డెసిలీటరుకి గ్రాముల్లో) 10తోను, లింఫోసైట్ల సంఖ్యని (మైక్రోలీటరుకి) 0.005తోను గుణించి కలపాలి. మన ల్యాబులు తరచూ లింఫోసైట్లను శాతంగా ఇస్తాయి. ఆల్బుమిన్ 3.4, టోటల్ కౌంట్ (మొత్తం తెల్లకణాలు) 7,000, లింఫోసైట్లు 20 శాతం అనుకోండి. లింఫోసైట్ల సంఖ్య 1,400; పీఎన్ఐ 34 + 7 = 41. శాతాన్నే వేసేస్తే 34.1 వస్తుంది. ఒనోడెరా 40కి దిగువన పేగు కోసి కలిపే ఆపరేషన్ వద్దన్నారు కాబట్టి, ఈ తేడాతో నిర్ణయమే తారుమారవుతుంది.

అదే మనిషికి సీఆర్పీ 1.8 అని వచ్చిందనుకుందాం. యూనిట్ డెసిలీటరుకి మిల్లీగ్రాములైతే, లీటరుకి 18. పదికి పైన సీఆర్పీ, 3.5కి దిగువ ఆల్బుమిన్: ఎంజీపీఎస్ 2, అంటే అన్నిటికన్నా చెడ్డ స్కోరు. యూనిట్ చూడకపోతే సున్నా వేస్తారు! ఎన్ఎల్ఆర్‌కి మాత్రం శాతాలతో ఇబ్బంది లేదు, నిష్పత్తే కదా. న్యూట్రోఫిల్స్ 72 శాతం, లింఫోసైట్లు 20 శాతమైతే, 72ని 20తో భాగిస్తే 3.6. కానీ కటాఫ్ (దాటితే ఎక్కువ అని లెక్కపెట్టే అంకె) ఒక అధ్యయనంలో 3, ఇంకోదాంట్లో 5.

అపోహ: ఏ రోజు రక్తమైనా ఒకటే.

కాదు. కీమోకి ముందు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ న్యూట్రోఫిల్స్‌ని పెంచి, లింఫోసైట్లను తగ్గిస్తుంది. తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ కూడా ఎన్ఎల్ఆర్‌ని పాడుచేస్తుంది. డెల్టాలో బోదకాలు ఉన్నవారికి కాలు ఎర్రబడి జ్వరం వస్తే సీఆర్పీ ఎగబాకుతుంది. ఆ పెరుగుదల క్యాన్సర్ గడ్డ వల్ల వచ్చినట్టు కాదు. జ్వరం పూర్తిగా తగ్గాక మళ్లీ తీయించండి.

అపోహ: ఆల్బుమిన్ సీసా ఎక్కిస్తే స్కోరు బాగుపడుతుంది.

అంకె పెరుగుతుంది, మనిషి బలం పెరగదు. ఇన్‌ఫ్లమేషన్ ఉంటే లివరు ఆల్బుమిన్ తయారీ తగ్గిస్తుంది. బాగా తింటున్నవాళ్లలోనూ అది పడిపోతుంది.

అపోహ: గుడ్డు, పప్పు, నీసు తింటే కుట్లకి చీము పడుతుంది, పథ్యం పెట్టాలి.

మాకు బాగా బాధ కలిగించేది ఇదే. కుట్లు మానడానికి కావాల్సిందే ప్రోటీన్. కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 50 కేజీల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. రెండు గుడ్లకి 12, నూట యాభై గ్రాముల బొచ్చె ముక్కలకి పాతిక దాకా వస్తాయి. మిగతాది పప్పు, పెరుగు, పాలు, అన్నంతో పూడ్చాలి. చూడటానికి వచ్చేవాళ్లు తెచ్చే కొబ్బరి బొండాంలో ప్రోటీన్ లేనట్టే. కిడ్నీ జబ్బుంటే మోతాదు డాక్టరుని అడగాలి. గడ్డ వల్ల పేగు ఇరుకై పొట్ట ఉబ్బుతున్నా, వాంతులవుతున్నా బలవంతంగా తినిపించకుండా వెంటనే సర్జన్‌కి చెప్పండి. పోషణ బాగా దెబ్బతిన్నవారికి ఆపరేషన్‌ని 7 నుంచి 14 రోజులు వెనక్కి జరిపి, ట్యూబు ద్వారానో సెలైన్ లైన్ ద్వారానో ఆహారం ఇచ్చే వీలుంది. పేగు పూర్తిగా మూసుకుపోతే మాత్రం ఆగే వ్యవధి ఉండదు.