సగం డోసు ఖరీదు

బిడ్డకు జబ్బు చేస్తే అప్పు చేసైనా మందు కొంటారు. గొర్రెకు జబ్బు చేస్తే లెక్క వేరు. మందు ఖర్చు గొర్రె ధరకు దగ్గరపడితే వైద్యం మానేస్తారు, లేదంటే ఒకదాని డోసును రెండింటికి సర్దుతారు. ఈ సర్దుబాటుతోనే అసలు చిక్కు. కడుపులో చేరే పురుగులకు, అంటే నట్టలకు, వేసే మందునే చూడండి. అరకొర డోసుకు బలహీనమైన నట్టలు చస్తాయి, మందును కాస్త తట్టుకోగలిగినవి మిగిలి గుడ్లు పెడతాయి. తరాలు గడిచేకొద్దీ అలాంటివే మందలో నిండిపోయి, చివరికి పూర్తి డోసు తాగించినా ఫలితం ఉండదు. గొర్రెల, మేకల రక్తం పీల్చే హీమాంకస్ నట్ట చాలా దేశాల్లో ఒకటికి మించిన రకాల మందులకు ఇప్పటికే లొంగడం లేదు.

మందు చౌకగా దొరికితే ఇలా సర్దాల్సిన పని ఉండదు. చౌక మందుకు ఒక దారి జెనరిక్. పేటెంట్, అంటే మొదటి కంపెనీకి మాత్రమే ఉండే హక్కు, గడువు తీరాక ఇతర కంపెనీలూ ఆ మందును తయారుచేస్తే అది జెనరిక్. మొదటి కంపెనీ చేసిన పరీక్షలన్నీ వాళ్లు మళ్లీ చేయక్కర్లేదు. రక్తంలోకి మందు అంతే మోతాదులో, అదే వేగంతో చేరుతోందని చూపిస్తే సాధారణంగా సరిపోతుంది. ధర తగ్గేది ఇక్కడే.

పశువుల దగ్గరికి వచ్చేసరికి ఈ దారి ఇరుకవుతుంది. మనిషి ఒకే జాతి. ఆవు, కోడి, కుక్క, పిల్లి మందును అరిగించుకునే తీరు దేనికదే. ఒక జాతిలో చూపిన రుజువు మరో జాతికి చెల్లదు. పాలు, మాంసం ఇచ్చే వాటిలో మందు అవశేషాలు ఎన్నాళ్లకు పోతాయో కూడా తేల్చాలి. పని ఇంత, అమ్మకాలు కొంత. ఇక కంపెనీలకు ఉత్సాహం ఎక్కడిది? అమెరికాలో మనుషుల జెనరిక్ మందులకు దారి వేసిన చట్టం 1984లో వస్తే, పశువుల మందులకు 1988 దాకా రాలేదు.

చౌకగా దొరుకుతుంది కదా అని మనుషుల మందే వేస్తే? పారాసెటమాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమ్ పిల్లి కాలేయంలో దాదాపు లేనట్టే. మనం తలనొప్పికి వేసుకునే ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

చౌకదనం ఒక్కటే చాలదని డైక్లోఫెనాక్ చూపించింది. పశువుల నొప్పులకు, వాపులకు వాడిన ఈ చవక మందు కళేబరాల ద్వారా రాబందులకు చేరి వాటి మూత్రపిండాలను దెబ్బతీసింది. రాబందులు పెద్ద సంఖ్యలో చనిపోవడానికి అదే కారణమని పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన 2004లో తేల్చింది. 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ పశువైద్యంలో దాన్ని నిషేధించాయి. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అప్పటికే పేటెంట్ లేని మందు కావడం అదృష్టం, స్థానిక కంపెనీలు తయారుచేయగలిగాయి. అయినా మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్ పెద్ద సీసాలు చాటుగా పశువులకు చేరుతూనే వచ్చాయి. దాంతో 2015లో భారత్ ఆ ఇంజెక్షన్‌ను ఒక్క డోసుకు సరిపోయే చిన్న సీసాల్లోనే అమ్మాలని కట్టడి చేసింది.