ఒకే వానలో తడిసిన ఇద్దరు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మనవరాలికి, దాని భుజం మీదుగా ఈ ఉత్తరంలోకి తొంగిచూడబోయే చిన్నవాడికి, తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అందులో నువ్వడిగిన ప్రశ్నను మీ నానమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. “నేనూ, నా పక్క బెంచీ స్నేహితురాలూ ఒకే రోజు, ఒకే వానలో బడి నుంచి వస్తూ తడిశాం. నాకు రెండు రోజులు తుమ్ములు వచ్చి తగ్గిపోయాయి. తను పన్నెండు రోజులు బడికి రాలేదు, వచ్చాక కూడా దగ్గుతూనే ఉంది. తనకు ఒంట్లో శక్తి లేదని టీచరుగారు అన్నారు. ఒకరికి శక్తి ఉండి, ఒకరికి లేకపోవడం ఏమిటి తాతయ్యా?” అని రాశావు. ముప్ఫై రెండేళ్ళు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా వీధులు తిరిగినవాణ్ణి కనుక నాకు జవాబు వెంటనే తడుతుందని నువ్వు అనుకొని ఉంటావు. తట్టలేదు. మూడు రోజుల తరువాత, మీ నానమ్మ అటక మీద నుంచి ఆవకాయ జాడీ దింపమని నన్ను స్టూలు ఎక్కించినప్పుడు తట్టింది.

మా చిన్నతనంలో మేము విజయవాడ వన్‌టౌనులో ఉండేవాళ్ళం. మా అమ్మ ఏటా వేసవిలో పుల్లటి కాయలు బుట్టలకొద్దీ కొని, కడిగి, తుడిచి, కత్తిపీట వేసి టెంకతో సహా ముక్కలు కొట్టించి, జీడి తీసి, పొడిగుడ్డతో ప్రతి ముక్కనూ మళ్ళీ తుడిచేది. ఆ తుడిచే పని మా పిల్లలది. అలా కలిపిన ఆవకాయను రెండు జాడీలకు ఎత్తేది. ఒకటి మాకు, ఒకటి కొండ మీద కాపురముంటున్న మా పిన్నికి. ఆ జాడీని నెత్తిన గుడ్డచుట్ట మీద పెట్టుకొని మెట్లన్నీ ఎక్కి పిన్ని ఇంట్లో దించి రావడం నా వంతు. నేను ఐదో తరగతి చదువుతున్న ఏడాది దసరా సెలవుల్లో పిన్ని జాడీ మూత తీస్తే పైన తెల్లగా బూజు పట్టి ఉంది. మా ఇంట్లో జాడీ మాత్రం కలిపిన నాటిలాగే ఎర్రగా ఉంది. రెండూ ఒకే చెట్టు కాయలు, ఒకే రోజు ఒకే చేత్తో కలిపినవి. పెద్దవాళ్ళంతా కలిసి, “దాని చెయ్యి మంచిది కాదు, శుభ్రత లేదు” అని తేల్చేశారు. పిన్ని ఏమీ అనలేదు.

ఆ సెలవుల్లో నేను పిన్ని ఇంట్లో నాలుగు రోజులున్నాను. ఆరుగురికి ఒకటే గది. గదిలోనే పుల్లల పొయ్యి, ఆ పొయ్యి పొగకు ఎప్పుడూ దగ్గుతూ ఉండే మా తమ్ముడు, వాడి పక్కనే గూట్లో ఆవకాయ జాడీ. పైన రెండు పెంకులు పగిలి, వాన పడితే చుక్క సరిగ్గా ఆ గూటి మీదనే పడేది. జాడీని మార్చి పెట్టడానికి గదిలో మరో పొడిచోటు లేదు. నీళ్ళు కొండ కింద కుళాయి నుంచి బిందెతో మోసుకురావాలి కనుక గరిటెను కడగడమంటే తడిగుడ్డతో తుడవడమే. ఇవన్నీ చూసి వచ్చి మా అమ్మతో చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత ఏడాది నుంచి పిన్ని జాడీ మా ఇంట్లోనే ఉండేది, నెలకొకసారి చిన్న సీసాతో నేను చేరవేసేవాణ్ణి.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. వాన జ్వరం తేదు. జ్వరం తెచ్చేవి క్రిములు, అవి ఆ రోజు నీ దగ్గరికీ వచ్చి ఉంటాయి, నీ స్నేహితురాలి దగ్గరికీ వచ్చి ఉంటాయి. బూజు కూడా అంతే, దాని బీజాలు గాలిలో అందరి ఇళ్ళలోనూ తిరుగుతూనే ఉంటాయి. అవి ఏ జాడీలో నిలదొక్కుకుంటాయన్నదే ప్రశ్న. మన ఒళ్ళు ఆవకాయ ముక్క అనుకో. ముక్కలోని నీటిని బయటికి లాగి బూజుకు దక్కకుండా చేసే ఉప్పు, మనం తినే తిండి. పైన తేలి గాలి తగలనివ్వని నూనె, మన నిద్ర, విశ్రాంతి. జాడీ మూతికి కట్టే వాసెనగుడ్డ, మీకు వేయించిన టీకాలు. పొడిగరిటె అంటే సబ్బుతో కడుక్కున్న చేతులు. జాడీ మన ఇల్లు, జాడీ పెట్టిన గూడు మన వీధి. మరి కారం దేనికి పోలిక అని చిన్నవాడు అడుగుతాడు. అది నాకూ దొరకలేదు. గుంటూరులో ఉంటూ కారానికి చోటు చూపించలేకపోవడం నామోషీగానే ఉంది కానీ, దాన్నీ ఆవపిండినీ ప్రస్తుతానికి పక్కన పెడదాం.

నీ స్నేహితురాలి ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో కింది అంతస్తు గది అని రాశావు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి ఆ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్ళలో ఉంది. మీ ఇల్లు నాలుగో అంతస్తు కనుక నువ్వు ఆ వరదను టీవీలో చూశావు, ఆ పిల్ల పరుపులు తడిసి చూసింది. నీరు తీసిన తరువాత కూడా గోడలోకి దిగిన చెమ్మ అంత తొందరగా పోదు. వాన పడినప్పుడల్లా సున్నం ఉబ్బి రాలుతుంది, మూలల్లో నల్లని బూజు పడుతుంది, ఆ గాలి పీల్చే పిల్లలకు దగ్గూ ఆయాసమూ తొందరగా వదలవు. దీనికి తోడు వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడనీ, అమ్మ బట్టల కొట్టులో పని చేస్తుందనీ రాశావు. ఆటో తిరగని రోజు రాబడి లేదు, కొట్టుకు వెళ్ళని రోజుకు జీతం కోస్తారు. నీకు తుమ్ము రాగానే మీ అమ్మ సెలవు పెట్టి, వేడి చారు పోసి, నీ పక్కన కూర్చుంది. ఆ పిల్లను మొదటి రెండు రోజులు బిళ్ళ వేసి ఇంట్లో ఉంచి, మూడో రోజు జ్వరం తగ్గకపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళి ఉంటారు. ఆ తల్లికి ప్రేమ తక్కువై కాదమ్మా. జ్వరం వచ్చిన ప్రతిసారీ పిల్లకు ఆకలి చస్తుంది, తిన్నది ఒంటబట్టదు, ఒంటబట్టని ఒంట్లోకి తరువాతి జ్వరం సులువుగా వస్తుంది. టీచరుగారు శక్తి లేదన్నది ఈ విషవలయాన్ని చూసి అన్న మాటే.

ఇక్కడ నా సిగ్గుమాలిన పని ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్ళో వాంతులు, విరేచనాలు ప్రబలాయి. పైపు పగిలి మురుగు కలుస్తోందని తెలిసి, బ్లీచింగ్ పౌడరు చల్లించి, ఇల్లిల్లూ తిరిగి, “నీళ్ళు కాచి చల్లార్చి తాగమని ఎన్నిసార్లు చెప్పాలి?” అని కేకలేస్తూ వస్తున్నాను. ఒక గుమ్మంలో ఒకావిడ చంకలో పిల్లాణ్ణి ఎత్తుకొని, నా కేకలన్నీ పూర్తయ్యాక, “కాచుకుంటాం బాబూ, కిరసనాయిలు తమరు పోయిస్తారా?” అని అడిగింది. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగింది. కార్డు మీద నెలకు వచ్చే కిరసనాయిలుతో అన్నం వండుకోవాలా, బిందెడు నీళ్ళు కాచుకోవాలా అన్న లెక్క నేను ఏనాడూ వేయలేదు. మా పిన్ని చెయ్యి మంచిది కాదన్న పెద్దల్లో నేనూ ఒకణ్ణయ్యానని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తరువాత కూడా నీళ్ళు కాచుకోమనే చెప్పాను, అది సరైన మాటే కనుక. కానీ ముందు పైపు బాగుచేయించి, క్లోరిన్ కలిపిన ట్యాంకరును ఆ వీధిలో నిలబెట్టి, అప్పుడు చెప్పేవాణ్ణి.

దోమల సంగతీ ఇలాంటిదే. డెంగీ తెచ్చే దోమ మురుగులో పుట్టదు, మనం దాచుకున్న మంచినీళ్ళలో పుడుతుంది. కుళాయి రోజంతా వచ్చే ఇంట్లో డ్రమ్ములతో పని లేదు. గంటసేపే వచ్చే వీధిలో ప్రతి గుమ్మం ముందూ డ్రమ్ము ఉంటుంది, ఆ డ్రమ్ముకు మూత ఉండదు, ఎందుకంటే మూత ఉన్న డ్రమ్ముకు ధర ఎక్కువ.

ఇదంతా లేనివాళ్ళ గొడవ, మన జాడీ భద్రంగానే ఉంది కదా అనుకుంటున్నావేమో. లండను నగరంలో వెనకటికి రెండంతస్తుల బస్సుల్లో కండక్టర్లు ఉండేవాళ్ళు. జెర్రీ మారిస్ అనే డాక్టరు ఆ బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూసి 1953లో ఒక సంగతి ప్రకటించాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే వీధి, ఒకే పొగ. అయినా రోజంతా కూర్చునే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువగా వస్తోంది, టికెట్లు కొడుతూ రోజుకు వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు తక్కువగా వస్తోంది. ఆయన అక్కడితో ఆగకుండా వాళ్ళకు కుట్టించిన యూనిఫారం ప్యాంట్ల నడుము కొలతలు కూడా తీయించి చూశాడు. డ్రైవర్లుగా చేరేవాళ్ళ నడుములు మొదటినుంచీ కాస్త పెద్దవేనట! కనుక అంతా మెట్ల మహిమే అనడానికి వీల్లేదు. అయినా కదిలే ఒంటికీ కదలని ఒంటికీ తేడా ఉందన్న మాట ఆ తరువాత ఎన్నో చోట్ల నిజమని తేలింది. విజయవాడ బస్టాండులో పల్లెవెలుగు ఎక్కినప్పుడల్లా నాకు ఆ ప్యాంట్ల కొలతలు గుర్తొస్తాయి.

అదే లండనులో 1967లో ప్రభుత్వ ఉద్యోగులను వేలమందిని పరీక్షించి, తరువాత ఏళ్ళ తరబడి వాళ్ళ బాగోగులు గమనించారు. వీళ్ళలో ఆకలితో ఉన్నవాళ్ళు లేరు, వైద్యం అందరికీ ఉచితం. అయినా పై అధికారులకంటే బంట్రోతులు గుండెజబ్బుతో చనిపోవడం దాదాపు మూడు రెట్లుగా ఉంది. మధ్యలో ఉన్నవాళ్ళకు మధ్యస్తంగా ఉంది, అచ్చం మెట్లలాగా. సిగరెట్లు, రక్తపోటు వంటివి లెక్కలోంచి తీసేసినా తేడాలో పెద్ద భాగం మిగిలే ఉంది. తన పని మీద తనకు అదుపు లేకపోవడం, ఎప్పుడు ఎవరు ఏమంటారో అన్న బెదురు, ఇవి కూడా లోపల్లోపల మనిషిని అరగదీస్తాయని ఆ పరిశోధకులు అన్నారు. చితి చచ్చినవాణ్ణి కాలిస్తే చింత బతికున్నవాణ్ణి కాలుస్తుందని మా అమ్మ అనే మాటకు వాళ్ళు ఆ దేశంలో కాగితాల మీద లెక్క కట్టారన్నమాట.

అందుచేత నీకూ కొన్ని చెప్పక తప్పదు. నీ వయసు పిల్లలకు రాత్రి తొమ్మిది గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి. ట్యూషను అయ్యాక మీ నాన్న ఫోను పట్టుకొని పదకొండు దాకా కూర్చుంటావని నాకు కబురు అందింది, అది నూనె తోడేసిన జాడీ. చిన్నవాడు సాయంత్రం బండి దగ్గర పునుగులు తినడం మానాలని నేను అనను, నేనూ తిన్నాను. వారానికి ఒకసారి తిని, మిగిలిన రోజులు ఇంట్లో వేయించిన వేరుశెనగలు తినమంటాను. లిఫ్టు ఉన్నా నాలుగు అంతస్తులూ ఎక్కండి.

ఇక నా పోలిక ఇక్కడ విరిగిపోతోంది. బూజు పట్టిన ముక్క పక్క జాడీలో ముక్కకు ఉత్తరం రాయలేదు, పక్క జాడీలో ముక్క దాని గురించి బెంగపడి తాతయ్యను అడగలేదు. నువ్వు అడిగావు. నీ స్నేహితురాలు బడికి రాని పన్నెండు రోజులూ దానితో ఎవరైనా మాట్లాడారో లేదో తెలుసుకో. ఒంటరిగా పడుకున్న మనిషికి జబ్బు బరువు ఎక్కువ అనిపిస్తుందన్నది నేను ఎన్నో మంచాల పక్కన నిలబడి చూసిన సంగతి. ఎందుకలా అవుతుందో మాత్రం పూర్తిగా చెప్పలేను, తలుచుకుంటే ఆశ్చర్యమే వేస్తుంది.

వచ్చే శుక్రవారం ఒక పని చేయండి. ఆ రోజు డ్రై డే, అంటే నిలవ నీళ్ళన్నీ పారబోసే రోజు అని మీ వార్డులో చెప్పే ఉంటారు. మీ డాబా మీద కూలరు తొట్టిలోనో, పూలకుండీ కింద పళ్ళెంలోనో వారం నుంచి నిలిచిన నీటిని వెలుతురులోకి తీసి ఒక నిమిషం కదలకుండా చూడండి. వెంట్రుకంత సన్నని ప్రాణులు తలకిందులుగా వేలాడుతూ, నీడ పడగానే మెలికలు తిరుగుతూ కిందికి దిగిపోతాయి. అవే రేపటి దోమలు. గుడ్డు నుంచి దోమ కావడానికి వాటికి వారం పది రోజులు చాలు, అందుకే వారానికొకసారి పారబోయమంటారు. నీళ్ళు పారబోశాక తొట్టి అంచులు పీచుతో తోమండి, గుడ్లు అక్కడే అంటుకొని, తొట్టి ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి.

తరువాత, అమ్మను అడిగి ఆ పిల్ల ఇంటికి ఆడుకోవడానికి వెళ్ళండి. ఇన్‌స్పెక్టర్లలాగా వెళ్ళకండి, ఆ తప్పు నేను చేసినది చాలు. ఈ ఉత్తరంతోపాటు నానమ్మ రెండు చిన్న జాడీల ఆవకాయ పంపుతోంది. ఒకటి మీకు, ఒకటి వాళ్ళకు. వాళ్ళమ్మగారు దాన్ని ఎక్కడ పెట్టారో, ఆ గోడ ఇంకా చెమ్మగా ఉందో లేదో చూసి నాకు రాయి. చెమ్మగా ఉంటే జాడీ మీ ఇంట్లోనే ఉంచి, నెలకొకసారి సీసాతో చేరవేసే పని చిన్నవాడికి అప్పగించు. మీ నాన్నతో నేను ఆ గోడ సంగతి విడిగా మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య