ఘాటు పోయింది, మందు ఎక్కడికి పోయింది?

పురుగుమందుల అవశేషాలు కొలిచే ల్యాబులో పని నాది. పోయిన వారం కోనసీమ నుంచి ఒక పెద్దాయన మూత తుప్పుపట్టిన డబ్బా తెచ్చారు. అటక దులుపుతుంటే దొరికిందట. తెరవగానే ముక్కిపోయిన వాసన. చూడకుండానే చెప్పాను, బీహెచ్‌సీ అనే పాతకాలపు పురుగుమందు అని.

"మూడు రోజులు డాబా మీద ఎండబెట్టానండి, ఘాటు పోయింది. గేదెలకు గోమార్లు పట్టాయి. పూయవచ్చా?"

అదే వారం ఒక బడిలో మాట్లాడటానికి వెళ్తే అక్కడి మాస్టారు అడిగారు: "ధ్రువాల్లో చేలు లేవు, ఫ్యాక్టరీలు లేవు. అక్కడ దొరుకుతున్న విషమంతా పరిశోధన కేంద్రాలవాళ్ళు పారబోసిందే కదా?"

ఇద్దరికీ జవాబు ఆ డబ్బాలోనే ఉంది.

అపోహ: ధ్రువాల కాలుష్యం అక్కడికి వెళ్ళినవాళ్ళు చేసిందే.

పిసరంత నిజం. అంటార్కిటికాలో అమెరికా వారి మెక్‌మర్డో కేంద్రం పక్కన సముద్రపు అడుగు మట్టిలో పీసీబీలున్నాయి, ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడిన రసాయనాలు. అవి ఆ కేంద్రం వదిలినవే. కానీ ఆ మురికి ఆ రేవు చుట్టుపక్కలదే. 1966లో అడెలీ పెంగ్విన్ల ఒంట్లో డీడీటీ బయటపడింది. పెంగ్విన్లకు దోమల మందు కొట్టిందెవరు?

అపోహ: ఆవిరైతే పోయినట్టే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే దీని దగ్గర ఆగుతాను. ఎండ ఆ పొడిని చంపలేదు, లేపింది. వేడి నేల మీద ఆవిరైనది గాలితో పోయి చల్లటి చోట దిగుతుంది. వేసవి రాగానే మళ్ళీ లేస్తుంది. మిడత గెంతుల్లా అలా సాగి సాగి ధ్రువం చేరుతుంది. అక్కడ తిరిగి లేవడానికి వేడి చాలదు, విరిగిపోవడానికి ఎండా సూక్ష్మజీవులూ చాలవు. ఇడ్లీ పాత్ర మూత లోపల చెమట పట్టినట్టు, భూగోళానికి చల్లటి మూత ధ్రువం.

మా నాన్న పలచటి గుడ్డలో బీహెచ్‌సీ మూటకట్టి, మంచు ఆరకముందే వరి మీద దులిపేవారు. పదింటికల్లా చేలో వాసన ఉండేది కాదు. "గాలి పట్టుకుపోయింది" అనేవారు. ఎంత నిజమో ఆయనకు తెలియదు. తమిళనాడులో వెల్లార్ నది ప్రాంతపు వరిచేలల్లో కొలిచి చూశారు. 1991లో అచ్చయిన ఫలితం ప్రకారం, చల్లిన బీహెచ్‌సీలో 99 శాతానికి పైగా గాలిలోకే లేచిపోయింది. నదిలో కలిసింది ఒక శాతం కూడా లేదు. అంతా గోదావరే సముద్రంలోకి ఈడ్చుకుపోతుందనుకునేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో దౌర్భాగ్యం: బీహెచ్‌సీ మందులో పురుగును చంపే గామా రకం 10 నుంచి 15 శాతమే. ఎక్కువ భాగం ఆల్ఫా అనే రకం. పురుగుకు పనికిరాదు, ప్రయాణానికి మాత్రం సిద్ధం. బీటా రకం నీటిలో కరిగి, సముద్ర ప్రవాహాలతో, రష్యాకూ అలాస్కాకూ మధ్యనున్న బేరింగ్ జలసంధి మీదుగా ఆలస్యంగా ఆర్కిటిక్ చేరుతుంది.

అపోహ: నిషేధించారు కదా, ఇంకెక్కడిది?

మన దేశంలో బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. అటకలకు ఆ సంగతి తెలియదు. అంతకుముందే, 1983లో, చైనా మానేయగానే ఆర్కిటిక్ గాలిలో ఆల్ఫా వేగంగా తగ్గింది. నిషేధం పనిచేసింది, సందేహం లేదు. అయితే గాలి శుభ్రపడేసరికి, అంతవరకూ పీల్చుకున్న సముద్రమే దాన్ని తిరిగి గాలిలోకి వదలసాగింది. కరిగే హిమానీనదాల సంగతీ అంతే. పాత డీడీటీని అవి ఇప్పుడు వదులుతున్నాయి.

మిగతావి గబగబా చెబుతాను. ఇదంతా పాత పురుగుమందుల కథే కాదు: నీటినీ నూనెనూ అంటనివ్వని పూతల్లో వాడిన పీఎఫ్ఓఎస్ అనే రసాయనాన్ని 2001లో ధ్రువపు ఎలుగుల్లో కనుగొన్నారు. ఆర్కిటిక్‌లో పాదరసం ఉందంటే దానికి దక్షిణాన ఉన్న దేశాల్లో కాల్చే బొగ్గును కూడా అడగాలి. పులస తినవచ్చా అని ఫోన్లు వస్తున్నాయి. పులస బంగాళాఖాతం నుంచి ఏరు ఎక్కుతుంది, ధ్రువం నుంచి కాదు. దాని ధర గురించి భయపడండి చాలు.

నా పాలల్లోనూ ఈ విషాలుంటాయా, బిడ్డకు పట్టవచ్చా అని ఒక బాలింత మాత్రం నిజంగా ఏడుస్తూ అడిగింది. ఉత్తర కెనడాలో ఇన్యూట్ అనే ఆదివాసీ తల్లుల పాలల్లో, దక్షిణ క్విబెక్ తల్లులకన్నా దాదాపు అయిదు రెట్లు పీసీబీలున్నాయని 1980ల చివర్లో తేలింది. సీలు, తిమింగలాల కొవ్వు వాళ్ళ తిండి, ఈ రసాయనాలు చేరేది కొవ్వులోనే. అయినా అక్కడి ఆరోగ్య నిపుణులు పాలు మానమని చెప్పలేదు. నీకెందుకమ్మా భయం, బిడ్డకు పాలివ్వు అన్నాను.

పెద్దాయనకు చెప్పింది ఇది: గేదెకు పూయవద్దు, పాలలో దిగుతుంది. కాల్చవద్దు, డయాక్సిన్లనే విషాలు పుడతాయి. కాలువలో వేయవద్దు. మూత బిగించి, రెండు సంచుల్లో కట్టి, పిల్లలకు అందకుండా నీడలో ఉంచి వ్యవసాయ అధికారికి తెలపండి.

రాత్రి ఫోను చేశారు. "బాబూ, పొడి ఎండబెట్టిన చోటే మర్నాడు మా ఆవిడ గుమ్మడి వడియాలు పెట్టిందండి."

పారేయమన్నాను. డాబా కడగకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా డబ్బాతోపాటే కట్టమన్నాను.

కాసేపు మాట లేదు. "ఆ వడియాల సంగతి ఆవిడకు మీరే చెప్పండి బాబూ" అని ఫోను ఆమెకిచ్చారు.