1972 స్వర్ణానికి 2025లో అర్జున: పేట్కర్ ఎందుకు లెక్కలోకి రాలేదు?

2025 జనవరి 17న రాష్ట్రపతి భవన్‌లో జాతీయ క్రీడా పురస్కారాలు ఇచ్చారు. అర్జున అందుకున్న 32 మందిలో 17 మంది పారా క్రీడాకారులే. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి వాళ్లలో ఒకరు. పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచి అప్పటికి నాలుగు నెలలే అయింది. అదే సభలో మురళీకాంత్ పేట్కర్ అనే పెద్దాయన జీవితకాల విభాగంలో అర్జున తీసుకున్నారు. పారాలింపిక్స్‌లో దేశానికి తొలి స్వర్ణం ఆయనదే. అది గెలిచి అప్పటికి 52 ఏళ్లు దాటింది.

ఆయన్ని దేశం మర్చిపోయిందని రాసెయ్యడం తేలిక. కానీ అలాంటి పతకాన్ని రాసుకోవడానికి ఆ రోజుల్లో మన దగ్గర పద్దే లేదు. అసలు కథ అక్కడుంది.

పేట్కర్‌ది మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా, పేఠ్ ఇస్లాంపూర్. సైన్యంలో యంత్రాలు, పరికరాల మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగంలో క్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. ఆయన మొదటి ఆట బాక్సింగ్. సికింద్రాబాద్ ఈఎంఈలో ఉండగా అదే ఆడేవారు. 1965లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో ఒంట్లోకి తూటాలు దిగాయి. వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. అంతటితో బాక్సింగ్ ముగిసింది. చికిత్సలో భాగంగా ఈత మొదలుపెట్టారు. నీళ్లలో కాళ్ల పని చేతులకు అప్పగించవచ్చు, పైగా బాక్సర్ భుజాలాయె.

చికిత్స కోసం ఆట అన్నది అప్పటికి కొత్తేమీ కాదు. నాజీల బెడద తప్పించుకుని జర్మనీ నుంచి బ్రిటన్ చేరిన నాడీ వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్, స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల చేత ఆటలాడించేవారు. 1948 జులై 29న లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే అక్కడ 16 మందితో విలువిద్య పోటీ పెట్టారు. 1960లో రోమ్‌లో జరిగిన పోటీలను ఇప్పుడు తొలి పారాలింపిక్స్‌గా లెక్కిస్తున్నారు. భారత్ మొదటిసారి వెళ్లింది 1968లో, టెల్ అవీవ్‌కు. పది మంది బృందం. అందులో పేట్కర్ ఉన్నారు. అప్పుడు ఆడింది టేబుల్ టెన్నిస్, మొదటి రౌండ్ దాటారు. ఈతకొలనులో దిగింది ఆ తర్వాతి పోటీల్లో.

1972 ఒలింపిక్స్ మ్యూనిక్‌లో కాబట్టి ఈ పోటీలూ అక్కడే జరగాలి. కానీ ఒలింపిక్స్ అయిపోగానే క్రీడాగ్రామాన్ని అపార్ట్‌మెంట్లుగా మార్చాలని ముందే అనుకున్నారట. అలా హైడెల్‌బర్గ్‌కు మార్చారు, అదీ ఒలింపిక్స్ కంటే ముందే, ఆగస్టు 2 నుంచి 11 వరకు. పేట్కర్ ప్రయాణ ఖర్చులకు మాజీ క్రికెటర్ విజయ్ మర్చంట్ ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా సాయపడ్డారు. దేశం తరఫున ఆడబోయే సైనికుడి విమానం టికెట్‌కు ఒక దాత కావాల్సి వచ్చిందన్నమాట. గాయం వెన్నెముకలో ఏ స్థాయిలో ఉందన్నదాన్ని బట్టి అక్కడ పోటీలను తరగతులుగా విడదీసేవారు. పేట్కర్‌ది మూడో తరగతి. 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 37.33 సెకన్లలో ఈది స్వర్ణం గెలిచారు. అది ప్రపంచ రికార్డు కూడా. అక్కడే జావెలిన్‌లోనూ, చక్రాల కుర్చీతో అడ్డంకులు దాటే స్లాలమ్‌లోనూ పోటీ చేసి ఫైనల్స్ దాకా వెళ్లారు.

ఆ నెలాఖరులో మొదలైన మ్యూనిక్ ఒలింపిక్స్‌లో భారత్‌కు దక్కింది ఒక్క హాకీ కాంస్యం. ఒలింపిక్స్‌లో మనకు తొలి వ్యక్తిగత స్వర్ణం రావడానికి 2008 దాకా, అభినవ్ బింద్రా దాకా ఆగాల్సి వచ్చింది. మరి 36 ఏళ్ల ముందు వచ్చిన స్వర్ణం గురించి ఎందుకు తెలియలేదు? ఒక కారణం ఆ పోటీల హోదాలోనే ఉంది. హైడెల్‌బర్గ్‌లో జరిగినవి అధికారికంగా 21వ అంతర్జాతీయ స్టోక్ మాండెవిల్ క్రీడలు. పారాలింపిక్స్ అన్న పేరుకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఒప్పుకున్నది 1984లో. అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ పుట్టింది 1989లో. మన దేశంలో పారా క్రీడలకు జాతీయ సంఘం ఏర్పడింది 1990ల్లో. అంటే ఆయన గెలిచినప్పుడు ఆ పతకాన్ని ప్రభుత్వం ముందు పెట్టి ఇది మనది అని చెప్పే సంస్థే లేదు.

అయితే తప్పంతా వ్యవస్థ మీదికే నెట్టేస్తే కుదరదు. తెలిసినవాళ్లు అసలు లేకపోలేదు. 1975లో మహారాష్ట్ర ప్రభుత్వం శివ్ ఛత్రపతి పురస్కారం ఇచ్చింది. పుణేలో టెల్కో (తర్వాతి టాటా మోటార్స్) కంపెనీ ఉద్యోగమిచ్చింది. 1982లో అర్జున కోసం పెట్టుకున్న దరఖాస్తును మాత్రం కేంద్రం తిరస్కరించింది. అర్జున అప్పటికి రెండు దశాబ్దాలుగా ఉంది. ప్రపంచ రికార్డుతో గెలిచిన స్వర్ణం చాలదన్నవాళ్లకు అది ఆటలా కాక చికిత్సలా కనిపించి ఉంటుందని నా అనుమానం.

1976, 1980 పారాలింపిక్స్‌కు భారత్ వెళ్లనే లేదు. 2004లో ఏథెన్స్‌లో దేవేంద్ర ఝఝారియా 62.15 మీటర్ల జావెలిన్ త్రోతో రెండో స్వర్ణం తెచ్చేసరికి 32 ఏళ్లు గడిచాయి. 2008లో మళ్లీ సున్నా. 2015లో ఘజియాబాద్‌లో జాతీయ పారా అథ్లెటిక్స్ పోటీల్లో వసతులు ఎంత అధ్వానంగా ఉన్నాయంటే, దాని తర్వాత అంతర్జాతీయ కమిటీ మన సంఘాన్ని సస్పెండ్ చేసింది. అక్కడి నుంచి రియోలో 4, టోక్యోలో 19, పారిస్‌లో 29 పతకాల దాకా రావడానికి పదేళ్లు పట్టలేదు. ఒలింపిక్స్, పారాలింపిక్స్‌లో పతకం తేగల వాళ్లకు కేంద్రం సాయం చేసే టాప్స్ పథకంలో పారా క్రీడాకారులనూ చేర్చడం, విదేశాల్లో శిక్షణ, ఇంటికొచ్చాక నగదు, ఉద్యోగం, అన్నీ కలిసొచ్చాయి. 2017లో దేశ అత్యున్నత క్రీడా పురస్కారం ఖేల్‌రత్న అందుకున్న తొలి పారా అథ్లెట్ ఝఝారియా.

పారా క్రీడలకు విలువ వచ్చాకే వాటి చరిత్ర మీద ఆసక్తి పుట్టింది. పేట్కర్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన జీవితం మీద 'చందు చాంపియన్' అనే హిందీ సినిమా వచ్చింది, కొన్ని నెలలకే అర్జున. 1982లో దరఖాస్తు పెట్టినప్పటికీ ఇప్పటికీ ఆయన పతకం మారలేదు, టైమింగ్ మారలేదు.

ఇంకో ఇద్దరి పేర్లు కూడా చెప్పుకోవాలి. 1984 పారాలింపిక్స్‌లో జోగిందర్ సింగ్ బేడీ షాట్‌పుట్‌లో రజతం, డిస్కస్‌లో, జావెలిన్‌లో కాంస్యాలు గెలిచారు. ఆ జావెలిన్ పోటీలోనే భీమ్‌రావ్ కేసర్కర్‌కు రజతం. ఒకే పోటీలో ఇద్దరు భారతీయులు పతకాలు గెలిచిన ఆ రోజు గురించి క్విజ్ పుస్తకాల్లో కూడా అరుదుగా కనిపిస్తుంది. వాళ్ల మీద సినిమా ఇంకా ఎవరూ తీయలేదు.