గోరు మీదికి పాకే తోలు: అపోహలు - వాస్తవాలు

నల్గొండలో స్కిన్ డాక్టర్‌గా చేస్తున్న. నా ఓపీలో గోళ్ల సమస్యలు రోజూ కనపడ్తయి కానీ గోటి కోసమే వచ్చేటోళ్లు చాలా తక్కువ. తామరకో మొటిమలకో మందు రాయించుకొని, లేచి పోయేముందు చెయ్యి చాపి "మేడమ్, ఇది కూడా ఒక్కసారి చూడుండ్రి, గోరు మీదికి తోలు వస్తున్నది, కోస్తే ఇంకింత వస్తున్నది" అంటరు. కోస్తే ఇంకింత వస్తున్నది అన్నరు చూడండి, నేను మొదలు పట్టుకునేది ఆ మాటనే.

అపోహ: గోరు మొదట్లో ఉండే తోలు వేస్ట్, కోసేస్తే గోరు నీట్‌గా వస్తది.

వాస్తవం: దాన్నే క్యూటికల్ అంటం. గోరుకు, వేలి తోలుకు నడుమ ఉన్న సందులోకి నీళ్లు, సర్ఫ్, క్రిములు పోకుండా మూసి పెట్టేది అదే. దాని వెనక లోపల గోరు పుట్టే చోటు ఉంటది, మ్యాట్రిక్స్ అంటరు. కోసినప్పుడు మూత తెరుచుకుంటది, పక్కన ప్రాణమున్న తోలు కూడా తెగుతది, అది మానేటప్పుడు ముందుకంటే మందంగా గరుకుగా వస్తది, మనమేమో పెరిగిందనుకొని మళ్లా బ్లేడు పెడతం. పార్లర్‌ల మానిక్యూర్ చేయించుకునేటోళ్లు కూడా క్యూటికల్ కోయొద్దని ముందే చెప్పండి. రాత్రి పండుకునేముందు కొబ్బరినూనో వాజ్‌లైనో రాసి వదిలెయ్యండి. పక్కన పోగులాగ లేచి గుచ్చుకుంటుంటే ఆ లేచినంతే శుభ్రమైన కట్టర్‌తో కత్తిరించండి, పళ్లతో పీకొద్దు.

అపోహ: గోరుచుట్టుకు నిమ్మకాయ తొడిగితే చీము గుంజేస్తది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత ఊరికే పుట్టలేదు, ఆ నొప్పి పడ్డోళ్లకే తెలుసు, రాత్రంతా నిద్ర పట్టక ఏది చెప్తే అది చేస్తరు, వాళ్లను తప్పు పట్టను. కానీ నిమ్మరసం పచ్చి తోలును ఇంకా మండిస్తది, చీమును మాత్రం గుంజదు. ఎర్రబడి వాపు మొదలైనప్పుడే గోరువెచ్చని నీళ్లల్ల పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు వేలు ముంచి, బాగా తుడిచి ఆరబెడితే కొందరికి అక్కడితోనే తగ్గిపోతది. చీము తెల్లగా కనపడ్తే మాత్రం డాక్టర్ దగ్గర తీయించుకోవాలె, ఇంట్లో సూదితో పొడవొద్దు. షుగర్ ఉన్నోళ్లు చీము దాకా కూడా ఆగొద్దు.

అపోహ: నెలల తరబడి ఉన్నదంటే అది ఫంగసే, మెడికల్ షాపు ట్యూబ్ రాస్తే పోతది.

మిర్యాలగూడ దిక్కు నుంచి ఒకామె వచ్చింది, కాలువ కింద నాట్లేసే ఆమె. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, అంటే నారు పట్టే మూడు వేళ్లే, గోరు మొదలు ఉబ్బి మెరుస్తున్నయి, క్యూటికల్ అసలే లేదు, ఆ సందుల పొలం బురద సన్నటి గీతలాగ ఇరుక్కొని ఉన్నది, గోళ్ల మీద అడ్డంగా మెట్లు మెట్లుగా గీతలు. నాలుగు నెలల నుంచి ఫంగస్ ట్యూబులు రాస్తున్నదంట. ఆరు వారాలు దాటిన గోరుచుట్టును మేము క్రానిక్ పారోనిఖియా అంటం. ఇందులో ఫంగస్ దొరికినా చాలామందిలో అది వెనకొచ్చి చేరిందే, అసలు కారణం నీళ్లు, సబ్బు, బురదతోటి తోలు పాడై మూత ఊడిపోవడం. ఇందుకే బోళ్లు తోమేటోళ్లకు, బట్టలు పిండేటోళ్లకు, చేపలమ్మేటోళ్లకు, టిఫిన్ సెంటర్లల్ల పనిచేసేటోళ్లకు ఎక్కువ వస్తది. వాపు తగ్గడానికి కొన్ని రోజులు స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తం, అది కూడా డాక్టర్ చూసినంకనే, షాపుల అమ్మే అన్నీ కలిపిన క్రీములు వద్దు.

గ్లౌజులు వేసుకోమంటే "అవి వేసుకుంటే నారు పట్టు దొరకదు మేడమ్" అన్నది, నిజమే. అందుకని ఇంట్లో బోళ్లకు, బట్టలకు మాత్రం లోపల కాటన్ పైన రబ్బరు గ్లౌజులు, పొలం పోయేముందు గోటి మొదట్లో వాజ్‌లైన్ మందంగా, వచ్చినంక కడిగి వేళ్లు పూర్తిగా ఆరబెట్టడం, ఇట్ల కుదుర్చుకున్నం. క్యూటికల్ మళ్లా అతుక్కోవడానికి మూడు నెలలు పట్టింది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతది కాబట్టి పాత గీతలు పూర్తిగా పోవాలంటే ఆరు నెలల దాకా పడ్తది, మధ్యలో మందు పనిచేస్తలేదని ఆపొద్దు.

అపోహ: మన నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లతోనే గోళ్లు ఇట్లయితున్నయి. కాదు, ఫ్లోరైడ్ దెబ్బ పడేది పళ్ల మీద, ఎముకల మీద. గోటి మీద తెల్ల చుక్కలకు కాల్షియం తక్కువ అనడం కూడా అంతే, అవి ఎక్కువగా చిన్న చిన్న దెబ్బలతో వచ్చేవి, గోరుతో పాటు పెరిగి పోతయి.

అపోహ: తోలు గోరు మీదికి అతుక్కుపోతే అందం సమస్యే, ఎప్పుడన్నా చూపించుకోవచ్చు.

ఇదే నాకు ఎక్కువ బాధ కలిగించేది. గోరు మొదట్లో తోలు రెక్క ఆకారంలో ముందుకు పాకి, గోరును రెండుగా చీల్చినట్టు కనపడ్తే అది మామూలు క్యూటికల్ కాదు, టెరీజియం. కంట్లో నల్లగుడ్డు మీదికి పాకే పొరకూ ఇదే పేరు. దీనికి ముఖ్యమైన కారణం లైకెన్ ప్లానస్ అనే చర్మరోగం. కొందరికి మణికట్టు దగ్గర ఊదారంగు దురద బుడిపెలు, బుగ్గ లోపల వలలాంటి తెల్లటి గీతలు కూడా ఉంటయి, కొందరికి గోళ్లు తప్ప ఇంకేం ఉండదు. గోరు పల్చబడి నిలువు గీతలు పడ్డప్పుడే వస్తే ఇంజెక్షన్‌తోనో మాత్రలతోనో ఆపే అవకాశం ఉంటది. మ్యాట్రిక్స్ మచ్చ కట్టినంక అక్కడ గోరు మళ్లా రాదు, రెక్కను కోసినా రాదు. రెండేండ్లు పసుపు కట్టుకొని వచ్చినోళ్లకు ఆ మాట చెప్పాల్సి వస్తే నాకు నోరు రాదు.

ఇంకో రెండు సంగతులు. క్యూటికల్ మందంగా చినిగినట్టయి దాని పక్కన సన్నటి ఎర్ర రక్తనాళాలు కనపడుతూ, మెట్లెక్కుతుంటే తొడలల్ల బలం లేనట్టుంటే అది గోటి సమస్య కాదు, ఒంట్లో రోగం, వెంటనే చూపించుకోవాలె. పెద్దోళ్లలో ఒక్క గోటికే నల్ల గీత వచ్చి వెడల్పవుతూ, ఆ నలుపు క్యూటికల్ మీదికి పాకుతున్నా అంతే, అరుదే అయినా క్యాన్సర్ కాదని తేల్చుకోవాలె.

చూపించుకోవడానికి వచ్చేటప్పుడు గోళ్ల రంగు తుడుచుకొని రండి, చూపించుకునేదాకా గోరింటాకు పెట్టుకోకండి, ఆ ఎరుపు కింద మాకేం కనపడదు. ఇయ్యాల్నే వెలుతురులో ఆ వేలిని ఒక ఫోటో తీసి పెట్టుకోండి, నెలకొకటి తీస్తే అది పాకుతున్నదో ఆగిందో మీకే తెలుస్తది.