వేరు మిగలాలి

మెక్సికో ఉత్తరాన చివావా ఎడారిలో ముళ్ళపొదల నీడన, దాదాపు నేలమట్టంగా ఒక చిన్న జెముడు మొక్క పెరుగుతుంది. దానికి ముళ్ళుండవు. గుమ్మడికాయలా గాడులు పడ్డ బూడిదపచ్చ తల, దానిమీద తెల్లటి దూది కుచ్చులు, పైకి కనిపించేది అంతే. మిగతాదంతా క్యారెట్ ఆకారంలో భూమిలోకి దిగిన తల్లివేరు. శాస్త్రవేత్తలు దీన్ని లోఫోఫోరా విలియమ్సియై అంటారు, లోకం పెయోటీ అంటుంది, మెక్సికో ఆదివాసులైన విషారిక జనం హికురి అంటారు. అడవిలో గింజ మొలిచి కోతకు తగ్గ తల కట్టడానికి పదేళ్ళ పైనే పట్టవచ్చు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఈ మొక్క చుట్టూ అల్లుకున్న ఆచారమంతా అర్థమవుతుంది.

టెక్సాస్‌లోని షుమ్లా గుహల్లో దొరికిన పెయోటీ ముద్దలు 5 వేల ఏళ్ళు పైబడినవి. పరీక్షిస్తే వాటిలో మెస్కలిన్, అంటే ఈ మొక్కలోని మత్తుపదార్థం, ఇంకా ఉంది. 1620లో మెక్సికోలోని స్పానిష్ మతవిచారణ పీఠం ఈ మొక్కను నిషేధించింది. కొండల్లోకి ఆ నిషేధం ఎక్కలేకపోయింది.

ఆ కొండలు పశ్చిమ సియెరా మాద్రే. విషారికల ఊళ్ళు అక్కడే ఉన్నాయి, హికురి మాత్రం అక్కడ పెరగదు. దానికోసం దాదాపు 500 కిలోమీటర్లు తూర్పుకు, సాన్ లూయిస్ పొతోసీ రాష్ట్రంలోని విరికుతకు యాత్ర వెళ్ళాలి. ఒకప్పుడు మొత్తం నడకే. ఇప్పుడు చాలా దూరం వాహనాల్లో వెళ్ళినా, దారిలోని ఊటల దగ్గర, పుణ్యస్థలాల దగ్గర ఆగి మొక్కులు చెల్లించక తప్పదు. ఈ దారిని యునెస్కో 2025లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

యాత్ర నడిపించేది మారాకామె. పాటగాడు, వైద్యుడు, పూజారి అన్నీ ఆయనే. బయలుదేరినవాళ్ళు ఉప్పు మానేస్తారు, బ్రహ్మచర్యం పాటిస్తారు, నిద్ర తగ్గించుకుంటారు. మన దీక్షలు తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా ఉండదు. తరవాతి ఘట్టం మాత్రం వాళ్ళకే సొంతం. తాత అని పిలుచుకునే తతెవారి, అంటే అగ్ని, ఎదుట ప్రతి ఒక్కరూ తమ పాత సంబంధాలను పేరుపేరునా బయటపెడతారు. ఒక్కో పేరుకు తాడులో ఒక ముడి పడుతుంది. విన్నవాళ్ళెవరూ కోపం తెచ్చుకోకూడదు, అసూయ పడకూడదు. చివరికి ఆ తాడును నిప్పులో వేస్తారు. రాత్రంతా మనసు తెరిచి కూర్చోబోయే గుంపులో దాపరికం ఎంత ప్రమాదమో తెలిసినవాళ్ళు పెట్టిన నియమమిది.

విరికుతలో హికురిని ఏరరు, వేటాడతారు. వాళ్ళ దృష్టిలో అది జింక. మారాకామె అడుగుజాడలు వెతుకుతూ వెళ్ళి, మొదటి మొక్క కనిపించగానే దాని పక్కన బాణాలు నాటుతాడు. సొరబుర్ర గిన్నెలు, మొక్కజొన్న అక్కడ సమర్పిస్తారు. అప్పుడే కత్తి తీస్తారు. తల కోసి, తలా ఒక ముక్క పంచి, వేరును భూమిలో వదిలేస్తారు. అది జింక ఎముకలట. ఎముకలు మిగిలితే జింక మళ్ళీ పుడుతుంది.

వృక్షశాస్త్రం చెప్పేదీ ఇదే. దూది కుచ్చుల దగ్గరే కొత్త మొగ్గలు పుడతాయి. ఆ కుచ్చులు కాండానికి ఉంటాయి గాని వేరుకు ఉండవు. తలకూ వేరుకూ మధ్య కొద్దిపాటి కాండం మట్టిలో దాగి ఉంటుంది. నేలమట్టంలో అడ్డంగా, శుభ్రంగా కోస్తే ఆ కాండం బతికి, అంచుల్లోంచి ఒకటో రెండో మూడో పిల్లతలలు వేస్తుంది. కత్తి వేరులోకి దిగితే, లేదా పలుగుతో మొక్కను పెకలిస్తే, మొగ్గ వేసే చోటే మిగలదు. ఈతచెట్టు గీసే గౌడుకు గీత లోతు ఎంత ముఖ్యమో ఇక్కడ కోత ఎత్తు అంత ముఖ్యం.

ఇక మొక్క పని. 1897లో జర్మన్ శాస్త్రవేత్త ఆర్తుర్ హెఫ్టర్ ఇందులోంచి మెస్కలిన్‌ను వేరుచేసి, తనమీదే పరీక్షించుకుని, దృశ్యాలు కలిగించేది అదేనని తేల్చాడు. (పేరు దగ్గరగా ఉన్నా, కిత్తలి జాతి మొక్కతో కాచే మెస్కల్ సారాలో మెస్కలిన్ ఉండదు.) మెదడులో సెరటోనిన్ అందుకునే ఒక రకం గ్రాహకాలను ఇది కదిలిస్తుంది. మొదటి గంటా రెండు గంటలు వికారం, వాంతులు. ఆ తరవాత రంగులు, ఆకారాలు, పొంగుకొచ్చే భావాలు. అంతా కలిపి పది పన్నెండు గంటలు, అంటే ఒక రాత్రి.

పెయోటీతో ప్రార్థన చేసే ఉత్తర అమెరికా ఆదివాసుల నేటివ్ అమెరికన్ చర్చ్ 1918లో ఓక్లహోమాలో నమోదైంది. వాళ్ళ కొలువూ పొద్దుగూకినప్పుడు మొదలై తెల్లవారే దాకా సాగుతుంది. నెలవంక ఆకారపు మట్టి వేదిక, నిప్పు, చేతులు మారే దండం, ఒక్కొక్కరి వంతుకు నాలుగు పాటలు. డప్పు అంటే సగం నీళ్ళున్న ఇనప కుండ. దానిమీద తడి తోలు పరిచి, అంచున ఏడు గుండ్రాళ్ళు పెట్టి తాడుతో బిగిస్తారు. తోలు ఆరితే శ్రుతి తప్పుతుంది, అందుకే వాయించేవాడు మధ్యమధ్య కుండను వంచి లోపలి నుంచి తడుపుతుంటాడు. నడిరేయి నీళ్ళు, తెల్లవారాక మళ్ళీ నీళ్ళు, మొక్కజొన్న, పండ్లు, మాంసం. తడబడేవాణ్ణి పాట, తాళం నిలబెడతాయి. పక్కన పెద్దలుంటారు.

ఆ చట్రం తీసేసి మొక్కను మాత్రమే తెచ్చుకుంటే పని చెడుతుంది. మెస్కలిన్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళకు, తమకో కుటుంబంలోనో స్కిజోఫ్రీనియా వంటి మానసిక జబ్బున్నవాళ్ళకు, కొన్ని మానసిక వైద్య మందులు వాడేవాళ్ళకు ముప్పు ఎక్కువ. భారతదేశంలో మెస్కలిన్ మత్తుపదార్థాల చట్టం కింద నిషిద్ధం. అమెరికాలో 1994 చట్టం ప్రకారం గుర్తింపు పొందిన ఆదివాసీ తెగల సభ్యులకు, అదీ సంప్రదాయ పూజకు మాత్రమే అనుమతి.

మొక్కకు వచ్చిన ముప్పు ఇంకా పెద్దది. విరికుతలో గని కంపెనీల కన్ను, టమాటా తోటల విస్తరణ, పర్యాటకుల కోతలు. టెక్సాస్‌లో పచ్చికబయళ్ళకోసం పొదలను వేళ్ళతో సహా దున్నేశారు. మిగిలిన చోట్ల తొందరపడి మళ్ళీమళ్ళీ కోస్తున్నారు. కోసిన మొక్క వేసే పిల్లతలలు చిన్నవి, వాటిలో మెస్కలిన్ కూడా తక్కువ. అందుకని అదే కొలువుకు మరిన్ని తలలు కోయాల్సి వస్తుంది, మొక్క ఇంకా నీరసిస్తుంది. కోతకూ కోతకూ మధ్య ఏళ్ళ తరబడి విశ్రాంతి కావాలి. దక్షిణ టెక్సాస్‌లో ఆదివాసీ సంఘాలు 605 ఎకరాలు సంపాదించి, నారు పెంచి తిరిగి నాటుతున్నాయి. ఆ నారుమళ్ళలో ఇవాళ మొలిచిన గింజ మీద కత్తి పెట్టేది ఇప్పటి పిల్లలు పెద్దయ్యాకే.